నాయన సైకిలుకు నేను చేసిన మేలు

నేను చాలా వస్తువులు పాడుచేశాను. కానీ బాగుచేసి పాడుచేసింది మాత్రం ఒక్కటే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా గల్లీ ఎలాగూ నవ్వేసింది.

మా నాయన కూకట్‌పల్లి నుంచి జీడిమెట్లలోని మందుల కంపెనీకి ముప్పై ఏళ్లు ఒకే సైకిలు మీద వెళ్లొచ్చాడు. ఆయన పోయాక అది మెట్ల కింద దుమ్ము కప్పుకుని పడుకుంది. నేనేమో హైటెక్ సిటీ ఉద్యోగిని, ఆదివారం సైక్లిస్టుని. బిగుతు బట్టలు తొడుక్కుని, పదిమందితో కేబుల్ బ్రిడ్జి దాకా తొక్కి, నెయ్యి ఇడ్లీ తిని, కరిగించిన కొవ్వుకు వడ్డీ కలుపుకుని ఇంటికొచ్చే జాతి. మా గ్రూపులో మహాపాపం ఒక్కటే: చప్పుడు. ఎవరి సైకిలైనా కిర్రుమంటే చాలు, మా పెద్దాయన ప్రసాద్ గారు అడిగేవారు: "ఏవండీ, చైనుకి నూనె పెట్టారా, పోపు పెట్టారా?"

నాయన సంవత్సరికం దగ్గర పడింది. "అమ్మా, నాయన సైకిలు కొత్తదాని లెక్క చేపిస్తా" అన్నాను.

అమ్మ కొంగుతో సీటు మీది దుమ్ము తుడిచింది. "చేపియ్యి బిడ్డా. ఆ దినం పొద్దుగూకంగ, ఆయన డ్యూటీ దిగొచ్చే యాళ్లకు, గల్లీ మలుపు కాడికెళ్లి తొక్కుకుంట రా. నేను లోపట్నే కూసుంటా."

సైకిలు చూడాలనుకునే మనిషి లోపల ఎందుకు కూర్చుంటుందని అడగాల్సింది. ఇంజినీరింగ్ చదివినవాణ్ని కదా, అడగలేదు.

సైకిల్ షాపు యాదగిరి దాన్ని తిప్పి చూశాడు. "సార్, చైన్ కవర్ సొట్టపోయింది. తొక్కినప్పుడల్లా పెడల్ తాకుతుంది. ఠక్కు, ఠక్కు. కొట్టి సాపు చేస్తనా?"

ఆ సొట్ట చిన్నప్పుడు నేను సీటు అందక, ఫ్రేములోంచి కాలు దూర్చి కైంచి తొక్కుతూ గోడకు గుద్ది పెట్టిందే. సాక్ష్యం మాయం చేసే అవకాశం ఎవరు వదులుకుంటారు?

"పారెయ్. కొత్తది బిగించు. సూది పడితే వినబడాలి."

"సూదితోటి ఏం పని సార్, ఎనక లారీ ఇనబడితే చాలదా?"

సంవత్సరికం నాటి సాయంత్రం గల్లీ మలుపు తిరిగాను. సైకిలు నల్లగా మెరిసిపోతోంది, వెన్నలా జారుతోంది. గల్లీ కుక్క తల కూడా ఎత్తలేదు. గుమ్మం ముందు ఆగి, రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. ఎవరూ రాలేదు. విరిచిన రొమ్ము నొప్పి పుట్టాక లోపలికెళ్లాను.

అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. గిన్నెలో నీళ్లు, గుప్పిట్లో చాయపత్త. పొయ్యి వెలిగించలేదు.

"అమ్మా, వచ్చిన."

"ఎప్పుడొచ్చినవ్? సైకిలు మీద రాలే?"

"దాని మీదనే వచ్చిన."

"కాదు. నేను చెవులు పెట్టి ఇనుకుంటనే ఉన్న గద."

బయటికొచ్చి చూసింది. కొత్త కవర్ మీద చెయ్యి పెట్టింది. "మస్తు చేపిచ్చినవ్" అంది, ఎదుటివాళ్ల కోడలి నగలు మెచ్చుకున్నట్టు. చెయ్యి తియ్యకుండానే అంది: "ఆ సొట్ట తీపిస్తనంటే నేనే వద్దన్న మీ నాయనను. కంపెనీల గ్యాస్ లీకైందని తెల్సిన దినం, ఆ ఠక్కు ఠక్కు ఇనబడేదాంక గుటికెడు నీళ్లు తాగలే. అది ఇనబడ్డంకనే చాయ్ పెడ్తుంటి."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అంటారు. మా ఇంట్లో రోగి పాలడిగితే, వైద్యుడు గిన్నె తోమి బోర్లించిపోయాడు.

యాదగిరి దగ్గరికి పరుగెత్తాను. "పాత కవరేది?"

"మీరే పారెయ్యమంటిరి. పాత సామాన్లాయన తీస్కపోయిండు."

"కొత్తదానికి సొట్ట పెట్టు."

"ఇన్నేండ్ల సంది చప్పుడు తీసుడే నేర్చుకున్న సార్. పెట్టుడు రాదు."

సుత్తి నేనే తీసుకున్నాను. వారం రోజులు రోజుకో సొట్ట. సాయంత్రం గల్లీలోంచి తొక్కుకుంటూ రావడం, లోపల్నుంచి అమ్మ తీర్పు.

"పాలబండా?"

మర్నాడు: "ఎవలదో గేటు కొట్టుకుంటుంది."

ఆ మర్నాడు పొయ్యి మీద గిన్నె పెట్టిన చప్పుడు. "...కాదు బిడ్డా."

చివరికి ఒక సాయంత్రం కవర్ ఊడబీకి, నాలుక అంగిట్లో కొడుతూ వచ్చాను. నలభై ఏళ్ల మేనేజర్ని, నడివీధిలో, నోటితో: ఠక్కు, ఠక్కు. ఎదురింటి పిన్ని చీపురు వదిలేసి నవ్వింది.

లోపల్నుంచి అమ్మ గొంతు. "గంత జల్ది తొక్కకపోతుండె మీ నాయన."

నెమ్మదించాను. పన్నెండు గంటలు నిలబడి పనిచేసిన మనిషి ఎంత నెమ్మదిగా తొక్కుతాడో అప్పుడు తెలిసింది. ఠక్కు... ఠక్కు...

గుమ్మం చేరేసరికి పొయ్యి వెలిగిన చప్పుడైంది. అమ్మ రెండు గ్లాసులు కడిగింది. కాసేపు చూసి, మూడోది కూడా కడిగింది.

మొన్న ఆదివారం గ్రూపులో కూడా అలవాటుగా నాలుకతో ఠక్కు ఠక్కుమంటూ తొక్కుతుంటే, ప్రసాద్ గారు నా పక్కకొచ్చి విని, "ఏవండీ, ఈసారి నూనె నోటికి పెట్టమంటారా?" అన్నారు.

"వద్దండీ. ఇదీ బాగుపడితే మా ఇంట్లో చాయ్ ఉండదు."

కాబట్టి నూనె డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆ చప్పుడు కోసం లోపల ఎవరు కూర్చున్నారో అడగకుండా, ఈ జన్మలో ఇంకే నట్టూ బిగించను.