కింద నడిచే అక్షరాలు

కొత్త టీవీ పెట్టె విప్పగానే థర్మాకోల్, ప్లాస్టిక్ కలిసిన వాసన ఒకటి వస్తుంది. మొన్న జనగామలో ఒక షోరూంలోకి అడుగు పెట్టగానే ఆ వాసన తగిలి, మా ఆయన ఏదో అడుగుతున్నా కాసేపు నాకు వినిపించలేదు. చీకటి చేసిన గదిలో గోడ నిండా టీవీలు, ప్రతి దాంట్లోనూ రంగురంగుల చేపలు. ఓఎల్‌ఈడీలో నలుపు ఎంత నల్లగా ఉంటుందో, క్యూఎల్‌ఈడీలో వెలుతురు ఎంత ఎక్కువో సేల్స్‌మన్ గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. "చేపలు తీసెయ్ తమ్మీ, ఏదన్న న్యూస్ చానెల్ పెట్టు" అన్నాను. "వార్తల్లో టీవీ క్వాలిటీ ఏం తెలుస్తది మేడమ్?" అని నవ్వాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. నిజానికి ఆ హక్కు నాకు లేదు, అతని వయసులో నేనూ అచ్చం అలాగే నవ్వేదాన్ని. ఆ నవ్వు మాన్పించిన మనిషి సువర్ణక్క.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. అక్కడ స్టేషన్ దారిలో సువర్ణక్కకు టీవీల దుకాణం ఉండేది. భర్త మెకానిక్. ఆయన పోయాక బంధువులు దుకాణం అమ్మేయమన్నారు. అక్క అమ్మలేదు, ఆయన పనిముట్లు తీసుకుని తానే టీవీలు విప్పడం నేర్చుకుంది. కురవి దగ్గర తండా నుంచి, డిగ్రీ మధ్యలో ఆపేసి, నేను ఆమె దగ్గర పనికి చేరాను. ఇంట్లో మాది లంబాడీ, దుకాణంలో తెలుగు. మాట తడబడుతుందేమోనన్న భయంతో అవసరం లేని ఇంగ్లీషు ముక్కలన్నీ బట్టీ పట్టాను. నాకంటే తెలివైన అమ్మకందారు జిల్లాలో లేరనే నమ్మకం కూడా తొందరగానే కుదిరింది.

అక్క పద్ధతి వేరు. ఎవరొచ్చినా ముందు టీవీ చూపించేది కాదు. "ఎవలు జూస్తరు మీ ఇంట్ల? యాడ గూసుంటరు?" అని అడిగేది. దుకాణం మధ్యలో ఆరు స్టూళ్లు ఉండేవి. ఇంట్లో ఎవరు ఏ మూల కూర్చుంటారో వాళ్లను ఆ మూలకే కూర్చోబెట్టేది. వాకిలి దగ్గర మంచంలో పడుకునే ముసలవ్వ అయితే ఆమెను ఓ పక్కకు. ఆ తర్వాత వాళ్లు రోజూ చూసే చానెల్ పెట్టి, టీవీలు ఒక్కొక్కటే చూపించేది. కొందరు విసిగి వెళ్లిపోయేవాళ్లు. "పోనియ్యి సునీతా, మల్లొస్తరు" అనేది. అందరూ రాలేదు. అక్కకు వ్యాపారం తెలియదని నేను లోపల్లోపల జాలిపడేదాన్ని.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఓ రోజు బంద్, ఓ రోజు ర్యాలీ, సగం దించిన షట్టర్ కింద నుంచి దీక్షా శిబిరం మైకు పాటలు. ఊరంతా వార్తల మీదే బతికేది. అప్పుడే మా దుకాణంలోకి సన్నటి ఎల్‌సీడీలు వచ్చాయి. వాటి పక్కన డబ్బా టీవీలు, అంటే వెనక బుర్ర ఉన్న ట్యూబ్ టీవీలు, నాకు చూడబుద్ధి కాలేదు.

అక్క ఏవో పార్టుల కోసం వరంగల్ వెళ్లిన రోజు నర్సయ్య సారు వచ్చారు. పెద్దవంగరలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరై, మానుకోటలో ఇల్లు కట్టుకున్నారు. చెవులు పూర్తిగా పోయాయి. ఆయన మాట్లాడతారు, మనం మాత్రం కాగితం మీద రాసి చూపాలి. చిన్న కొడుకు రవి హైదరాబాద్‌లో యూనివర్సిటీలో చదువుతూ ఉద్యమంలో తిరుగుతున్నాడు. "టీవీ కింద అక్షరాలు నడుస్తయి గద బిడ్డా, గవ్వే నాకు వార్తలు. మంచిగ కనవడుతయా?" అని సారు అడిగారు. నేను కంపెనీ వాళ్లిచ్చిన సీడీలోని రంగు చేపలు చూపించాను. టీవీ మెనూ తెరిచి, నిలబడి ఉన్న పెద్ద పెద్ద అక్షరాలు చూపించాను. "అన్నింటికంటే కొత్తది ఇదే సార్" అని రాసిచ్చాను. వార్తల చానెల్ పెట్టనే లేదు. సారు మురిసిపోయి ఎల్‌సీడీ తీసుకెళ్లారు, నేను వారం రోజులు ఆ గొప్ప చెప్పుకున్నాను.

అమ్మిన టీవీ ఎలా ఆడుతోందో ఇంటికి వెళ్లి చూసి రావడం అక్కకు అలవాటు. పదిరోజుల తర్వాత ఓ మధ్యాహ్నం నన్ను స్కూటీ వెనక ఎక్కించుకుని సారు ఇంటికి బయల్దేరింది. ఆ రోజు హైదరాబాద్‌లో విద్యార్థుల ర్యాలీ. లాఠీచార్జి జరిగిందని దారిలోనే విన్నాం.

సారు టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి ఉన్నారు. తెర మీద వేలు పెట్టి, కదిలే అక్షరాల వెంట జరుపుతున్నారు. కొంత దూరం పోయి తప్పిపోతున్నారు, మళ్లీ మొదటి నుంచి. అప్పటి ఎల్‌సీడీల్లో కదిలే దేనికైనా వెనక ఒక మసక మిగిలేది. వేగంగా పోయే సన్న అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ఆయన భార్య అనసూయమ్మ గుమ్మంలోనే అక్క చేయి పట్టుకుంది.

"పొద్దుగాల సంది గిట్లనే నిలవడ్డడు. రవిగాని ఫోను కలుస్తలేదు. టీవీల వార్తలు సదివేటాయన కొట్టిండ్రు కొట్టిండ్రు అనే మాటనే మల్ల మల్ల చెప్పవట్టె. ఎవలను ఏ ఠాణాకు తీస్కపోయిండ్రో కింద రాస్తున్నరట. నాకు సదువు రాదాయె."

సారు నన్ను చూశారు. కోప్పడతారనుకున్నాను. ఆయన గొంతు తగ్గించారు, భార్యకు వినపడకూడదని కాబోలు, కానీ తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు కదా, అందరికీ వినపడింది.

"బిడ్డా, పదిరోజుల సంది అక్షరాలు అలుక్కపోతున్నయి. చెవులైతె పోయినయి, ఇగ కండ్లు గుడ పోతున్నయేమో, జర జూడు."

నాకు ఏడుపొచ్చింది. పదిరోజులుగా ఆ ముసలాయన, భార్యకు కూడా చెప్పకుండా, గుడ్డివాణ్ణవుతున్నానని భయపడుతూ బతికాడు. నేనేమో ఊళ్లో గొప్పలు చెప్పుకుంటూ తిరిగాను. బల్ల మీది కాగితం లాక్కుని రాశాను: "మీ కండ్లు మంచిగున్నయి సార్. టీవీ సరైంది కాదు. తప్పు నాది." ఆయన అది చదివి కుర్చీలో కూలబడి, రెండు చేతులతో కళ్లు మూసుకున్నారు.

అక్క అప్పటికే స్కూటీ తాళం తీసుకుంది. "డబ్బా టీవీ తెస్త. నేనొచ్చేదాంక నువ్వు సదువు, సారుకు రాసియ్యి. ఒక్క ముక్క ఇడువకు" అంది. రెండు గంటలు రాశాను. కళ్లు చికిలించి, రెండు మూడు సార్లు చూసి, ఠాణాల పేర్లు, ఆస్పత్రుల పేర్లు. ప్రతి కాగితం సారు లాక్కున్నట్టు తీసుకునేవారు. అక్క ఆటోలో ట్యూబ్ టీవీ తెచ్చి బిగించింది. అక్షరాలు తేటగా నడిచాయి. సారు కుర్చీలోనే కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టారు. సాయంత్రానికి ఎవరిదో ఫోన్ నుంచి రవి మాట్లాడాడు, ఠాణాలో ఉన్నాడట, దెబ్బలేం లేవట. ఆ కాగితం కూడా నేనే రాశాను.

తిరిగొస్తుంటే "తప్పయింది అక్కా" అన్నాను. నీ తప్పేం లేదులే అంటుందని ఆశపడ్డాను. "తప్పే" అంది. "ఆయన అడిగింది అక్షరాలు. నువ్వు సూపిచ్చింది చేపలు." అంతే, మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. నా మీద ఆమెకున్న ప్రేమ ఎంతో ఆ ఒక్క 'తప్పే'లోనే నాకు తెలిసింది.

అక్క ఇప్పుడు లేదు. దుకాణం మానేశాక నేను ఫార్మసీ చదివి దవాఖానలో మందుల కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాను. చీటీ అందుకోగానే "మందు సీస మీద రాసింది ఇంట్ల ఎవలు సదువుతరు?" అని అడుగుతాను. వెనక క్యూ విసుక్కుంటుంది. విసుక్కోనీ. కానీ అన్నిటికంటే ఎక్కువగా నాతో మిగిలింది ఒక ఫోన్ కాల్.

ఢిల్లీలో తెలంగాణ బిల్లు గట్టెక్కిన రోజు, నేనింకా దుకాణంలోనే ఉన్నాను. బజారంతా కేకలు, రంగులు. దుకాణంలో ఫోన్ మోగితే అక్క ఎత్తింది. సారు. జీవితంలో ఎవరికీ ఫోన్ చేయని మనిషి, తానే నంబర్ నొక్కి, అటు ఎత్తారని భార్య సైగ చేశాక మాట్లాడారు. ఆ అరుపు పక్కనున్న నాకూ వినపడింది.

"సువర్ణా! అచ్చింది! ఎవలు చెప్తె ఇన్లే నేను. నా కండ్లతోటి నేనే సదివిన!"

అక్క ముఖమంతా తడిసిపోయింది. అటువైపు ఒక్క ముక్క వినపడదని ఆమెకు తెలుసు. అయినా రిసీవర్ రెండు చేతులా పట్టుకుని, "సదువుండ్రి సార్, మల్లోసారి సదువుండ్రి, ఇంటున్న" అంటూనే ఉంది.