వెలిసిన ఆకుపచ్చ

అద్దకాల మిల్లులో ముప్పై ఒక్కేళ్లు షేడు సరిచూసే పని చేసిన ఆమెను అందరూ రంగులక్క అనేవాళ్లు. బట్ట ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, కళ్లు చికిలించి, నీలం పిసరంత ఎక్కువైందని ఆమె అందంటే ఆ తొట్టి మొత్తం మళ్లీ కలపాల్సిందే. మేనేజర్లు మారారు గానీ ఆమె మాటకు ఎదురు చెప్పినవాడు లేడు.

రిటైరయ్యాక ఆమెకు బొమ్మల పిచ్చి అంటించింది అల్లుడు. నెపోలియన్ కాలపు గుర్రపు దళాలను, బొటనవేలంత సీసపు బొమ్మలను, కొనుక్కొచ్చి రంగులు వేయడం అతని సరదా. ఒకరోజు అతను పూసిన ఎరుపు చూసి ఉండబట్టలేక ఆమె బ్రష్షు లాక్కుంది. మళ్లీ ఇవ్వలేదు. ఆరు నెలలు తిరిగేసరికి భోజనాల బల్ల మీద కంచాలకు చోటు లేకుండా పోయింది. ఏ దళానికి ఏ కాలరు రంగో, బాకా ఊదేవాడి కోటుకు రంగులు ఎలా తారుమారవుతాయో ఆమెకు కంఠతా వచ్చేసింది.

ఆ ఏడు అల్లుడు వెళ్లే బొమ్మల క్లబ్బు పెట్టిన పోటీకి పన్నెండు మంది ఫ్రెంచి రౌతులను పట్టుకెళ్లింది. క్లబ్బు పెద్ద ఒక రిటైరైన చరిత్ర మాస్టారు. దేనికైనా పుస్తకం తెరవనిదే ఆయనకు తోచదు. బొమ్మల పక్కన రంగుల పటం పెట్టి చూసి, కోట్లు ముదురు ఆకుపచ్చగా ఉండాలని, ఇవి నీలానికి తిరిగాయని తేల్చేశారు. గుర్రాలను ఇంత బాగా ఎవరూ వేయలేదని మెచ్చుకుని, వారంలో కోట్లు సరిచేసి తెస్తే మొదటి బహుమతి ఆమెకేనన్నారు.

"సరిగ్గానే ఉన్నాయి మాస్టారూ."

"పుస్తకంలో ఇలా లేదు కదమ్మా."

"మీ పుస్తకంలో వాళ్లు కొత్త కోట్లు తొడుక్కుని నిలబడ్డారు. నావాళ్లు రెండేళ్లు ఎండావానల్లో తిరిగొచ్చారు. ఆ రోజుల్లో ఆకుపచ్చంటే నీలం మీద పసుపు అద్దడమే. ఎండకి ముందు పసుపే పోతుంది. ఇంక మిగిలేది నీలమేగా."

ఆయన నవ్వి, ఆధారం చూపించమన్నారు. రంగు విషయంలో ఆమెను ఆధారం అడిగినవాళ్లు అంతకుముందు లేరు. ఆమెకు చెంప ఛెళ్లుమన్నట్టయింది.

ఇంటికొచ్చే దారి పొడుగునా అల్లుడు బతిమాలాడు. పైపైన ఒక్క పూత వేస్తే పోయేదానికి ఈ పంతం ఎందుకన్నాడు.

"మేనేజర్ల కోసమే రంగు మార్చలేదు నాయనా, కప్పు కోసం మారుస్తానా?" అందామె.

వారం గడిచింది. కప్పు ఇంకెవరింటికో వెళ్లింది. ఆమె మాత్రం తెల్ల ఉన్నిబట్ట తెప్పించి, నీలిమందులో ముంచి, దానిమీద పువ్వుల నుంచి తీసిన పసుపురంగు ఎక్కించి, ముక్కలు కోసి డాబా మీద తీగకు వేలాడదీసింది. నెలకో ముక్క తీసి పెట్టెలో దాచింది. వాన పడినా లోపలికి తేలేదు. అమ్మకు మతి పోయిందని కూతురు తల పట్టుకుంది.

మరుసటి ఏడు పోటీకి ఒక పలక మీద పదకొండు ముక్కలు వరుసగా అంటించి, ఒక్కో ముక్క కింద సరిగ్గా ఆ రంగు కోటుతో ఒక్కో రౌతును నిలబెట్టి తెచ్చింది. పుస్తకంలోని రంగులే వేయాలన్నది నిబంధన కాబట్టి పోటీకి తీసుకోలేమన్నారు మాస్టారు. ఆమె వాదించలేదు. ఒక బల్లను తనే ఈడ్చుకెళ్లి హాలు బయట వరండాలో వేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నానికి హాల్లో సగం జనం వరండాలో ఉన్నారు. చివరికి మాస్టారూ వచ్చారు. పలకను వెలుతురుకు పట్టి, మొదటి ముక్కనూ చివరి ముక్కనూ మార్చి మార్చి చాలాసేపు చూశారు.

"మీరన్నది నిజమేనమ్మా. కానీ నిబంధన మారదు."

"మారకపోతే పోనీండి. నేనూ మారను."

ఆయన కుర్చీ కోసం చుట్టూ చూశారు. అంతవరకు ముఖం చాటేసి తిరుగుతున్న అల్లుడు తన కుర్చీ ఆయనకిచ్చి, అత్తగారి పక్కన నిలబడి, వచ్చినవాళ్లకు నెలల లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. ఆరో నెల ముక్కను ఏడోదన్నాడు. ఆమె వెంటనే సరిదిద్దింది.