ఉప్పుమడిలో ఇంగ్లీషు ప్రశ్న

జెబసెల్వి టీచరుకి ముక్కు మీద కోపమని తూత్తుకుడి ఉప్పుమడుల్లో అందరికీ తెలుసు. ఆ కోపం ఊరికే రాలేదు. తల్లి రాజకని ముప్పై ఏళ్ళుగా ఉప్పు మోస్తోంది. అరికాళ్ళు పుండ్లు పడ్డాయి, తెల్లటి ఉప్పు మీద ఎండ మిలమిలలాడి కళ్ళు మసకబారాయి. ఆ తట్ట మోసిన కూలితోనే కూతురు టీచరు ట్రైనింగు చదివింది.

ట్రైనింగులో చేరిన వారానికే ఒక లెక్చరరుని "వై యూ ఆర్ యాంగ్రీ సార్?" అని అడిగింది. క్లాసంతా గొల్లుమంది. "ఉప్పు మోసేవాళ్ళకి ప్రశ్నలెందుకమ్మా?" అన్నాడాయన. ఆ మంటతోనే ఆమె ఇంగ్లీషు ప్రశ్నలన్నీ నమిలి మింగింది. మన భాషలో మాట చివర దీర్ఘం తీస్తే చాలు, ప్రశ్న అయిపోతుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. వెనకున్న క్రియని లాగి, కర్తకి ముందు కూర్చోబెట్టాలి.

సర్కారు బడిలో ఉద్యోగమొచ్చాక, ఒకరోజు పక్కింటి ఇసక్కియమ్మ వచ్చి కూర్చుంది.

"అమ్మాడీ, ఏటా తనిఖీకి ఢిల్లీ ఆఫీసరొస్తాడు. మేం ఏడ్చేదొకటి, మేనేజరు దొరైపాండి ఆయనకి చెప్పేదొకటి. మేమే ఇంగ్లీషులో అడగలేమా?"

బూట్లు, నల్లద్దాలు ఏటా ఇస్తున్నట్టు రిజిస్టరులో వేలిముద్రలున్నాయి. ఎవరి కాళ్ళకీ బూట్లు లేవు. ఆ మాట వినగానే జెబసెల్వికి ఒళ్ళు మండింది. మర్నాటి నుంచి, పని దిగిన ఆడవాళ్ళకి సాయంత్రం బడి వదిలాక చర్చి వసారాలో ఒకే ఒక్క ప్రశ్న నేర్పింది: "వేర్ ఆర్ అవర్ బూట్స్?"

అందరికీ వచ్చింది. ఇసక్కియమ్మకే "ఆర్" చివరికి జారిపోయేది.

"అత్తా, అది ముందుకి రావాలి! వందసార్లు చెప్పాను!"

"నీ 'ఆర్' నా తట్టలాంటిది తల్లీ. ఎక్కడ పెట్టినా బరువే."

ఆఫీసరు వచ్చిన రోజు జెబసెల్వి సెలవు పెట్టి తల్లి పక్కన నిలబడింది. ఒకామె పాదం పైకెత్తి పుండ్లు చూపించింది. "కాళ్ళు చూడండయ్యా, రాత్రిళ్ళు నిద్రే పట్టదు" అంది. దొరైపాండి నవ్వుతూ, "పని అలవాటైపోయింది, ఏ ఇబ్బందీ లేదంటోంది సార్" అని ఇంగ్లీషులో చెప్పాడు.

జెబసెల్వి ఒక్క ఉదుటున ముందుకెళ్ళబోయింది. రాజకని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వాగు. అడగాల్సింది మేము."

ఇసక్కియమ్మ ముందుకొచ్చింది. "సార్! వేర్ అవర్ బూట్స్ ఆర్?"

దొరైపాండి పకపకా నవ్వాడు. "ఎవరో చిలకపలుకులు నేర్పారు సార్. అవీ తప్పే!" ఆఫీసరు కూడా నవ్వాడు.

ఇక జెబసెల్వి ఆగలేదు. తల్లి చెయ్యి విదిలించుకుని, ఇంగ్లీషులోనే అంది. "తప్పు దిద్దడం నా పని సార్. జవాబు చెప్పడం ఆయన పని. మీకు ప్రశ్న అర్థమైందా, లేదా?"

ఆఫీసరు మొహంలో నవ్వు పోయింది. ఈలోగా వెనక నుంచి ఇంకో ఆడమనిషి అడిగింది, తర్వాత మరొకామె. చివరికి నలభై గొంతులు ఒకేసారి అడిగాయి, ఒక్క తప్పు లేకుండా. ఆయన రిజిస్టరు తెప్పించి చూశాడు. నలభై పేర్ల ఎదురుగానూ ఒకే బొటనవేలి ముద్ర!

దొరైపాండిని వేరే మడులకి మార్చారు. అంతే, ఇంకే శిక్షా లేదు. ఇసక్కియమ్మని పనిలోకి రావద్దన్నారు. మిగతా ఆడవాళ్ళు తట్టలు దించి గట్టు మీద కూర్చున్నారు. నాలుగో రోజు కబురంపి ఆమెని పిలిచారు. జెబసెల్వికి పైనుంచి సంజాయిషీ నోటీసొచ్చింది. మీకు సంబంధం లేని చోట ఎందుకు మాట్లాడారని అడిగారు. "మా అమ్మ కళ్ళు నాకు సంబంధం" అని ఒక్క వాక్యం రాసి పంపింది. ఆ ఏడు ఆమెకి రావలసిన ప్రమోషను రాలేదు.

రెండు నెలలకి బూట్లొచ్చాయి, అన్నీ మగవాళ్ళ సైజులు. ఆడవాళ్ళు లోపల గుడ్డపేలికలు కుక్కుకుని తొడుక్కున్నారు. నల్లద్దాలు రానేలేదు. రాజకని చూపు ఇక తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు.

"మొత్తానికి గెలిచారు కదా టీచర్!" అని బడిలో తోటి మాస్టారు అన్నాడొకసారి.

"గెలుపేమిటండీ?" అని ఆమె మండిపడింది. "ముప్పై ఏళ్ళ కిందట, మా అమ్మ మడిలో కాలుపెట్టిన రోజే ఇవ్వాల్సినవి అవి!"