నడిచిన వేపచెట్లు

నంద్యాల పత్తిమిల్లు గేటు దగ్గర కృపావరం పని ఒకటే. బండ్ల మీద వచ్చిన పత్తి మూటల్లోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, లోపల నీళ్లు చల్లారో రాళ్లు దాచారో చూడాలి. ఏళ్ల తరబడి ఆ పని చేసిన చెయ్యి ఇంటికొచ్చాక ఊరుకుంటుందా? గుమ్మడికాయ కొన్నా చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. చర్చిలో పాస్టరుగారు కళ్లు మూసుకోమంటే ఒక కన్నే మూసేవాడు. రెండోది గుమ్మంలో విడిచిన చెప్పుల మీద ఉండేది. ఆయన నమ్మింది తన మీసాన్ని ఒక్కదాన్నే. దాని కొసల మీద చెరో నిమ్మకాయ నిలబెట్టుకుని సంతంతా తిరిగాడని చెప్పుకునేవారు. చూసినవాళ్లు లేరు గానీ, కాదన్నవాళ్లూ లేరు.

అంతటి అనుమానమూ చివరికి ఒక్క మనిషి మీద పోగుపడింది. అతను భార్య జీవమ్మకు అన్న, ఏలీయా. డెబ్బై ఒకటి యుద్ధం అయ్యాక ఫిరంగుల పట్టాళం నుంచి పెన్షను మీద వచ్చి ఆళ్లగడ్డలో సైకిల్ షాపు పెట్టాడు. పంక్చరుకు వచ్చినవాడు యుద్ధం వినకుండా పోయేవాడు కాదు. మాటలతో తనివి తీరక ఒక ఆట కల్పించాడు. దాని పేరు మోర్చా, అంటే పట్టాళం భాషలో కాపుగట్టు.

బండలు పరిచిన నేలే యుద్ధభూమి. ఒక కొసన కాపుకాసేవాడు బంకమట్టితో చిన్న గట్టు కట్టుకుని, దాని వెనక ఫిరంగులు నిలుపుకుంటాడు. సైకిల్ పంపు గొట్టం ముక్కలో స్ప్రింగు పెడితే ఫిరంగి. శనగ గింజ గుండు. ఎదుటివాడు అగ్గిపెట్టెలను బండ బండకూ జరుపుకుంటూ రావాలి. గింజ తగిలి పడిన పెట్టె చచ్చినట్టు. ఒక్క పెట్టె గట్టును తాకినా వచ్చినవాడిదే గెలుపు. కాపుకాసేవాడు ముందురోజు సాయంత్రమే వచ్చి మోర్చా కట్టుకోవచ్చు.

ఏలీయా మోర్చాను తాకిన అగ్గిపెట్టె ఆళ్లగడ్డలో పుట్టలేదు.

“మనిషన్నాక గురి తప్పల్ల గదా! ఇందులో ఏందో ఉండాది” అన్నాడు కృపావరం. శనగలు ఏరి తెచ్చాడేమోనని కోయిలకుంట్ల నుంచి వేరే శనగలు తెచ్చాడు. ఫిరంగులు మార్పించాడు. వాలు ఉందేమోనని నేల మీద చెంబెడు నీళ్లు పోసి చూశాడు. అయినా పెట్టెలు పడుతూనే ఉన్నాయి.

“ఏమప్పా, నా చొక్కా కూడా ఇప్పి సూస్తావా?” అన్నాడు ఏలీయా. షాపు ముందు జనం గొల్లుమన్నారు.

కృపావరానికి తల కొట్టేసినట్టయింది. “వచ్చే ఆదివారం నంద్యాలలో, మా ఇంట్లో ఆడు బావా. నీ మోసం బయటపెట్టకపోతే ఈ మీసం తీసేస్తా!” అన్నాడు. అన్న తర్వాత చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

శనివారం సాయంత్రం ఏలీయా దిగాడు. వసారాలో నాపబండల మీద గట్టు కట్టి, ఫిరంగి పనిచేస్తుందో లేదో చూస్తానని నాలుగు గింజలు కొట్టాడు. కృపావరం కళ్లు ఆ చేతుల మీదే ఉన్నాయి. “జీవమ్మా, బోడి నేల మీద యుద్ధమేందమ్మా, నాలుగు చెట్లు పెట్టు” అని అన్న అడిగితే, చెల్లెలు వేపరెమ్మలు తెచ్చి, అన్న చూపినట్టే గింజలు పడిన చోటల్లా తడి రేగడి ముద్దల్లో గుచ్చింది. చూడముచ్చటగా ఉన్నాయని కృపావరమూ ఒప్పుకున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక వీధంతా వసారాలో కూర్చుంది. మొదటి ఆటలో కృపావరం ఫిరంగిని చూడ్డం మాని మనిషి ముఖం చూశాడు. ఏలీయా చూపు పెట్టెల మీద లేదు, రెమ్మల మీద ఉంది. పెట్టె దగ్గరి రెమ్మను చేరితే గొట్టం కింద ఎత్తుకు ఒక పెంకుముక్క పెడుతున్నాడు. దూరపు రెమ్మ దగ్గరుంటే రెండు. చెట్లు కావవి, కొలతలు! నేలను ముందే కొలిచి పెట్టుకున్నాడు!

అప్పుడే అరిచి ఉంటే మీసం దక్కేది. కానీ ‘ఇది మోసమేనంటారా? తెలివి అంటారేమో’ అని తాను కనుగొన్నదాన్నే అనుమానించాడు. ఆట ఓడాడు. అందరూ లోపల అన్నానికి కూర్చున్నప్పుడు చేతులు కడుక్కునే నెపంతో బయటికి వచ్చి, రెమ్మలన్నిటినీ గట్టు వైపుకు జానెడు జరిపాడు.

రెండో ఆటలో ఏలీయా గుండ్లన్నీ పెట్టెల తలల మీదుగా పోయాయి. కృపావరం పెట్టె గట్టును తాకింది. వీధి వీధంతా ఈలలు.

గింజలు ఊడ్చడానికి వంగిన జీవమ్మ ఆగిపోయింది. తెల్లటి బండల మీద, రెమ్మలకు జానెడు అవతల, ఎండిన నల్లరేగడి వలయాలు. మొగుడి ముఖం చూసింది. “ఏందీ, చెట్లకు కాళ్లొచ్చినాయా?” అంది మెల్లగా.

ఏలీయా వచ్చి ఆ వలయాలు చూశాడు, కృపావరాన్నీ చూశాడు. “వస్తాయి చెల్లీ. మా పట్టాళంలో ఒక తాటిచెట్టు ఇట్లే నడిచింది. సెలవు అడక్కుండా నడిచిందని మా కర్నలు దాన్ని కొట్లో వేసినాడు” అని చెప్పి, సంచీ భుజాన వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. మీసం మాట ఎత్తలేదు.

ఎందుకెత్తలేదు? కృపావరానికి అన్నం సయించలేదు. మోసం బయటపెట్టాలంటే తన మోసమూ చెప్పాలి. గెలిచింది ఆట, పందెం కాదు. బావ ఎక్కడో పొంచి ఉన్నాడు. క్రిస్మస్‌కు అందరి ముందు అడుగుతాడా? చర్చిలో ఎవరు దగ్గినా తన మీసాన్ని చూసే దగ్గారనిపించేది. కొన్నాళ్లకు తట్టుకోలేక మంగలి ముందు కూర్చున్నాడు. అక్కడి నుంచి నేరుగా ఆళ్లగడ్డ వెళ్లాడు.

ఏలీయా తలెత్తి, “ఎవురప్పా, పంక్చరా?” అన్నాడు. తర్వాత పంపు చేతిలోంచి జారింది. “ఓర్నాయనో, కృపావరమా! మీసం యాడబోయింది?”

“పందెం బావా. చెట్లు నేనే జరిపినా.”

“అది తెల్సులే. మోర్చా ఇడిసి అన్నానికి పోయినోడిది తప్పు. పందెం ఏందప్పా?”

“మోసం బయటపెట్టకపోతే మీసం తీస్తానంటి గదా!”

“యేసు తోడు, ఆ మాటే మర్చిపోయినా” అని ఏలీయా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

ఆ ఒక్క మాటను కృపావరం బతికినన్నాళ్లూ నమ్మలేదు.