బుధవారమే బయల్దేరిన మూట

మొన్న సాయంత్రం మా మనవరాలు ఫోనులో ఒక జలపాతాన్ని తెరిచి నా ముక్కు కింద పెట్టింది. ఈ వేసవిలో అందరూ కారులో, మాకు తూర్పున అడవిలో ఉన్న మల్లెలతీర్థం పోవాలట, అక్కడి నుంచి శ్రీశైలం, కర్నూలు చుట్టి హైదరాబాదులో తేలాలట. ఎక్కడ తినాలో, ఎక్కడ పడుకోవాలో అన్నీ ఆ ఫోనులోనే తయారైపోయాయి. శనివారం పొద్దున్నే బయల్దేరుదామని ఆమె అంటుండగా వంటింట్లోంచి నా కూతురు తల బయటపెట్టి, "శనివారం వద్దే, తూర్పుకు వారశూల" అంది. వారాలకూ దిక్కులకూ ముడిపెట్టి ఫలానా రోజు ఫలానా వైపు కదలకూడదనే ఈ లెక్క మీద నేను జీవితమంతా వ్యాసాలు రాశాను, సభల్లో గొంతు చించుకున్నాను. అది చివరికి నా వంటింట్లో, నేను కన్న బిడ్డ నోట్లోంచే వచ్చింది. కోపంగా ఏదో అనబోయి ఆగిపోయాను. ఆ తీర్థం పేరూ, ఆ శనివారమూ, ఆ తూర్పు దిక్కూ మూడూ కలిసి నన్ను అరవై ఏళ్ల వెనకటి కొత్తకోటలో, మా ఇంటి గడప ముందు నిలబెట్టాయి.

అప్పుడు నేను హైదరాబాదులో బీఏ చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వస్తే ట్రంకుపెట్టెలో బట్టల కన్నా వాదనలు ఎక్కువ ఉండేవి. కాలేజీ వక్తృత్వ పోటీల్లో దేవుణ్ణీ జాతకాన్నీ ఓడించిన దాన్ని, ఇంట్లో అవ్వను ఓడించడం ఎంతసేపని నా ధీమా. అవ్వంటే మా నాన్నను, మేము బాపు అనే ఆయనను, కన్న తల్లి. కండ్లలో పొరలు వచ్చి మనుషులను గొంతుతోనే పోల్చుకునేది గానీ, ఇంట్లో ఏ గిన్నె ఎక్కడ మోగిందో ఎవరు మోగించారో చెప్పగలిగేది. బాపు పల్లీల వ్యాపారం చేసేవాడు. బజారులో కూర్చుంటే పెద్ద సంస్కర్త. మూఢాచారాలను తిట్టడంలో నాకు మొదటి గురువు ఆయనే. ఇంట్లో మాత్రం ఆయన కేవలం కొడుకు.

ఆ ఎండాకాలం బాపుకు జీపు మీద మోజు పుట్టింది. మా ఊరి పొలిమేరలో గుడారం వేసుకుని సినిమాలు ఆడించే టూరింగ్ టాకీసు వాళ్లకు ఒక జీపు ఉండేది. దాని నెత్తిన లౌడ్‌స్పీకరు, రెండు పక్కలా సినిమా బొమ్మలు అతికించే చెక్కలు. దాన్ని కిరాయికి మాట్లాడి, ముందు అడవిలోకి పోయి మల్లెలతీర్థం చూసి, అక్కడినుంచి కల్వకుర్తి మీదుగా హైదరాబాదు చేరి, చార్మినారు చూపించి జడ్చర్ల దారిన తిరిగి రావాలని ఆయన ఆలోచన. దానికోసం వారం రోజులు ఇంట్లో సభ జరిగింది. అమ్మకు హైదరాబాదులో ఇత్తడి బిందె కావాలి. బాపుకు హోటల్లో కూర్చుని చాయ్ తాగుతూ రోడ్డు మీద మనుషులను చూడాలి. అవ్వకు ఇవేవీ అక్కరలేదు. తీర్థంలో, నీళ్లు పడే చోట ఉన్న శివుడికి ఎప్పుడో మొక్కిన మొక్కు ఉంది. అవ్వ మొక్కు లేకపోతే జీపూ లేదు, హైదరాబాదూ లేదు.

ఈ సభలో ఒక మనిషి ఎప్పుడూ మాట్లాడలేదు. బాపు చెల్లెలు, మా అత్త. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చింది. వచ్చాక ఊరి పొలిమేర దాటలేదు. అంచు లేని చీర, బోసి చేతులు, ఇంటిల్లిపాదికీ నీళ్లు. మా బావి లోతు ఎంతో చెప్పలేను గానీ, ఎండాకాలంలో చేద లోపలికి వెళ్లి మళ్లీ పైకి వచ్చేసరికి ఒక పాట అయిపోయేది. పొద్దున లేస్తే గిలక కిర్రుమనడమే మాకు గడియారం. ఆ తాడు అత్త అరచేతులకు గట్టి కాయలు కట్టించింది. జుట్టు దువ్వేటప్పుడు అవి తగిలి నాకు తల గీరుకునేది.

జీపు సంగతి తెలిసిన రోజు బావి దగ్గర నన్ను పిలిచి మెల్లగా అడిగింది. "బిడ్డా, గా తీర్థంల నీళ్లు ఎవ్వలు చేదకున్నా వాటంతట అవే మీదికెల్లి పడ్తయంట గదా?"

"అవునత్తా. రాత్రీ పగలూ పడతనే ఉంటయి."

"ఎవ్వలు గుంజకున్నా?"

"ఎవ్వలు గుంజకున్నా."

ఆమె చేద తాడు అట్లాగే పట్టుకుని కాసేపు బావిలోకి చూసింది. "గది ఒక్కసారి సూడాలె" అంది. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆమె తన కోసం అడిగిన మొదటి సంగతి అదే. బాపును అడిగితే, "తీస్కపోత చెల్లె, నిన్ను ఇడిసిపెట్టి పోతనా" అని మాట ఇచ్చాడు. ఇచ్చిన మాటను అవ్వకు చెప్పడం మాత్రం రేపటికి, మళ్లీ ఎల్లుండికి వాయిదా వేస్తూ పోయాడు.

చివరికి చెప్పింది నేను. అవ్వ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ముండమోసింది పయనంల ఉంటే మొక్కు ముడ్తదా? అది వస్తె నేను రాను." ఇక నా వక్తృత్వం బయటికి తీశాను.

"అవ్వా, అత్త ఎదురొచ్చిందని జీపు టైరుకు ఎట్ల తెలుస్తది?"

"టైరుకు తెల్వదు. అడివి నడుమ పంచరైతే నీకు తెలుస్తది."

"రోజు ఆమె తెచ్చిన నీళ్లే తాగుతున్నవు. నీళ్లకు లేని దోషం మనిషికి ఎక్కడికెల్లొచ్చింది?"

"నీళ్లకేందే, నీళ్లు నీళ్లే. పట్నంల నీకు గీ లొల్లే నేర్పిన్రా?"

అరుగు మీద నిలబడి నేను తర్కం, న్యాయం, స్త్రీ హక్కులు అన్నీ ఏకరువు పెట్టాను. పక్కింటివాళ్లు కూడా విన్నారు. బాపు మాత్రం ఏమీ విననట్టు పల్లీ గింజ ఒకటి వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. నేను మాట్లాడటం అయ్యాక అవ్వ కొత్త ఆజ్ఞ జారీ చేసింది. జీపు కదిలేటప్పుడు అత్త పొరపాటున కూడా ఎదురుపడకుండా ఆమెను వెనక అర్రలో పెట్టి బయట గొళ్లెం పెట్టాలి. నేను మాట్లాడక ముందు గొళ్లెం లేదు.

ఇక ముహూర్తం. పంతులు బుధవారం తెల్లవారుజాము దివ్యంగా ఉందన్నాడు. టాకీసు వాళ్లేమో శనివారం తప్ప జీపు ఇవ్వమన్నారు. శనివారం తూర్పుకు వారశూల; మేము పోవలసింది తూర్పుకే. ఇలాంటి చిక్కులకు మా పెద్దలు ఒక ఉపాయం పెట్టుకున్నారు. మంచి ఘడియకు మనిషి కదలలేకపోతే, మనిషికి బదులు అతని బట్టను ఆ ఘడియకు పంపిస్తారు. పోయేవాళ్లందరి బట్టలూ తలా ఒకటి మూటగట్టి, పోవలసిన దిక్కున ఉన్న ఇంట్లో పెట్టి వస్తారు. పుస్తకాల్లో దీన్ని ప్రస్థానం అంటారు. మా ఇంట్లో పయనం మూట అనేవారు. బట్ట గడప దాటితే మనిషి దాటినట్టే. తరువాత మనిషి ఏ చెడ్డ రోజున కదిలినా, అప్పటికే బయల్దేరి ఉన్నాడు కాబట్టి దోషం లేదు. దేవుణ్ణి ఇంత తేలిగ్గా మోసం చేయవచ్చునని నమ్మేవాళ్లే నన్ను నాస్తికురాలు అనేవాళ్లు. కాకపోతే ఒక షరతు ఉంది. దాన్ని అవ్వ ఆ వారమంతా మాకు నూరిపోసింది. "పోయిన మూట మల్ల ఇంట్లకు రావొద్దు. నడుమల ఇప్పొద్దు. ఇప్పితే పోయినోళ్లు తిరిగి రారు."

బుధవారం చీకటితోనే మూట కట్టారు. అవ్వ కూర్చుని పేరు పేరునా బట్ట అడిగింది. బాపు ధోతి, అమ్మ రైక, అవ్వ చీర, నా ఓణీ. అత్త పేరు రాలేదు. అవి చుట్టడానికి గట్టి గుడ్డ కావాలని అవ్వ అంటే, అమ్మ ఒక చీర తెచ్చి పరిచింది. "గిదైతే గట్టిగుంటది అత్తమ్మా" అంది. అవ్వ చేత్తో తడిమి చూసి, మంచి నేత అని తృప్తిపడి పసుపు బియ్యం చల్లింది. బాపు ఆ మూటను తీసుకుపోయి మా ఇంటికి తూర్పున ఉన్న దర్జీ ఇంట్లో పెట్టి వచ్చాడు. నేను ఈ తతంగం చూడనని మొండికేసి గోడ వైపు తిరిగి పడుకున్నాను; చెవులు మాత్రం అటే ఉన్నాయి.

ఆ తరువాతి రోజుల్లో అత్త దారి కోసం జొన్నరొట్టెలు, సర్వపిండి, మురుకులు అన్నీ వాకిట్లో పొయ్యి పెట్టి చేసింది. అక్కడే తింది. ఉక్కగా ఉందని బావి పక్కన నులకమంచం వేసుకుని పడుకుంది. తన కోసం కాని ప్రయాణానికి ఆమె మురుకులు చుడుతుంటే నాకు కడుపు మండిపోయేది. "అత్తా, నేను గూడ పోను. ఇద్దరం ఇంట్లనే ఉందం" అన్నాను. ఆమె నూనెలోంచి కండ్లెత్తకుండా, "నువ్వు పో బిడ్డా" అంది. అంతే.

శనివారం పొద్దున జీపు వచ్చింది. పక్క చెక్కల మీద పాత సినిమా వీరుడొకడు సగం చిరిగి కత్తి పట్టుకుని ఉన్నాడు. డ్రైవరు సాబు, "జల్దీ ఎక్కుండ్రి, ఎండెక్కితే ఇంజను గరమైతది" అని తొందర పెడుతున్నాడు. అవ్వ గడపలో నిలబడి, "దాన్ని అర్రలకు పంపిన్రా?" అని అడిగింది. నేను బాపు వైపు చూశాను. ఆయన జీపు టైర్ల వైపు చూస్తున్నాడు. ఇప్పుడైనా ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను.

అప్పుడే దర్జీ భార్య మూట పట్టుకుని వచ్చింది. తెల్లారిన వెలుగులో ఆ చీర మొదటిసారి అందరి కళ్లబడింది. ఎర్రటి గళ్లు, పసుపుపచ్చ అంచు, నారాయణపేట నేత. "ఏందమ్మా, చిన్నమ్మ పెండ్లిచీర గాదె గిది? మూట కట్టెటందుకు గిదే దొరికిందా?" అని ఆమె నవ్వింది. నవ్వు సగంలోనే ఆపేసింది. అవ్వ ముఖంలో నెత్తురు లేదు.

"ఎవ్వలు కట్టిన్రు?" అంది అవ్వ.

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. పుస్తె కట్టిన రోజు తరువాత అత్త మళ్లీ కట్టని చీర అది. ఆమె పెట్టె అడుగున ఉండేది. మా అందరి బట్టలనూ కడుపులో పెట్టుకుని, మా అందరికన్నా ముందు, మంచి ఘడియలో, అది గడప దాటిపోయింది.

"తియ్యిండ్రి దాన్ని. ఇప్పుండ్రి" అంది అవ్వ. దర్జీ భార్య ముడి మీద చెయ్యి వేసింది.

బాపు అప్పుడు నోరు తెరిచాడు. "ఇప్పమంటవా అవ్వా? నువ్వే చెప్పు. ఇప్పితే ఏమైతదో నువ్వే గదా చెప్పినవు."

అవ్వ చెయ్యి గాలిలో ఆగిపోయింది. డ్రైవరు కూడా ఇంజను ఆపేశాడు. అత్త బావి దగ్గర నుంచి వాకిట్లోకి నడిచి వచ్చింది. మొహం కడుక్కుని, తల దువ్వుకుని ఉంది. మేము గడప బయట, జీపు ముందు. ఆమె సరిగ్గా మాకు ఎదురుగా.

"ఎదురొస్తున్నవానే!" అని అడుగుల చప్పుడు పోల్చుకుని అవ్వ కేక వేసింది.

"నేనెక్కడ ఎదురొస్తున్ననే అవ్వా" అంది అత్త. "నేను బుధవారమే పోయిన. అప్పటిసంది గడప తొక్కలే. ఇంట్లకెల్లి నాకు ఎదురొచ్చింది మీరు."

నాకు అప్పుడు తట్టింది. వాకిట్లో పొయ్యి, వాకిట్లో తిండి, బావి పక్కన మంచం. మూట దాటినప్పటి నుంచి ఆమె ఒక్కసారి కూడా ఇంట్లోకి రాలేదు. ప్రయాణం మొదలుపెట్టిన మనిషి ఎట్లా ఉండాలో అట్లాగే ఉంది. వెనక అర్రలోకి పంపడమంటే ఇక పోయిన మనిషిని తిరిగి ఇంట్లోకి తేవడమే. అవ్వ శాస్త్రంలో అంతకన్నా పెద్ద కీడు లేదు.

అవ్వ పెదవులు ఏదో లెక్క వేస్తున్నట్టు కదిలాయి. చివరికి మొహం తిప్పుకుని అంది. "ముందట కూసోకు. ఎనకకు ఎక్కు."

వెనక సీట్లో అత్త పక్కన కూర్చున్నది నేనే. ఊరు దాటే దాకా నాకు కోపం తగ్గలేదు. ఆ ఆచారపు గోడ కూలాలని నేను అరుగు మీద అంత అరిస్తే, ఆమె గోడకే ఉన్న దర్వాజాలోంచి నడిచి వచ్చేసింది. గోడ అట్లాగే నిలబడి ఉంది. "అత్తా, గా మూటను నువ్వు నమ్ముతవా?" అని నిలదీశాను.

"నమ్మేటామె ముందల కూసుంది" అంది అత్త, అవ్వ వీపు వైపు చూపిస్తూ. "నాకు పోయెటందుకు తొవ్వ కావాలె బిడ్డా. నువ్వు చెప్పింది నిజమే. నిజం చెప్తే గొళ్లెం పెట్టమన్నరు."

ఆమె ఆ రోజు గెలిచింది; ఆ ఆచారం కూడా ఆమెతో పాటే గెలిచింది. మరుసటి ఏడు ఇంకో ఇంట్లో ఇంకో విధవను అర్రలో పెట్టే ఉంటారు. ఆమె దగ్గర మూట చుట్టేంత పెద్ద చీర ఉండి ఉండదు, మా అమ్మ లాంటి వదినె ఉండి ఉండదు. అందుకే నేను రాయడం మానలేదు. కానీ వెనక సీట్లో కూర్చున్న ఆ మనిషిని తప్పుపట్టే వాక్యం ఒక్కటి కూడా నా కలం నుంచి రాలేదు.

ఎండాకాలంలో జలపాతం చూడబోయిన మా తెలివిని అడవి బాగానే వెక్కిరించింది. జీపు దిగి, రాళ్లను పట్టుకుంటూ కిందికి దిగి చూస్తే, అంత ఎత్తు బండ మీదినుంచి జడపాయంత నీళ్లు పడుతున్నాయి. బాపు నిరాశగా, "గింతేనా" అన్నాడు. అవ్వ మొక్కు చెల్లించుకుంది. అత్త మాత్రం ఆ సన్నటి ధార కింద రెండు చేతులూ పట్టి నిలబడింది. కాయలు కట్టిన అరచేతులు నిండి పొర్లుతుంటే, నా వైపు తిరిగి, పెద్ద వింత చూసినట్టు, "ఎవ్వలు గుంజుతలేరు బిడ్డా" అంది. మేము పిలిచినా చాలాసేపు రాలేదు. హైదరాబాదులో చార్మినారును ఆమె సరిగ్గా చూసిందో లేదో కూడా నాకు గుర్తులేదు.

మొన్న మనవరాలు ఫోను మూసేస్తూ, "అమ్మమ్మా, నువ్వు ఇంట్ల రెస్టు తీస్కో. అక్కడ మెట్లు దిగుడు నీతోని కాదు" అంది ప్రేమగా. ప్రయాణంలో నా పేరు లేదన్నమాట. వంటింట్లో నా కూతురు ఇంకా వారం, దిక్కు సరిచూస్తూనే ఉంది. కాలంలో మంచి ఘడియ, చెడ్డ ఘడియ అంటూ లేవని నేను చాలాసార్లు రాశాను, ఇప్పుడూ రాస్తాను. కానీ కాలం ముందుకే పోతుందన్న మాట మాత్రం అంత ధీమాగా ఎన్నడూ రాయలేకపోయాను.