సాయంత్రం ఐదింటి కచేరీ

అన్న పోయిన పదకొండో రోజున మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. వరంగల్ చౌరస్తా దగ్గర మాది స్టీలు సామాన్ల కొట్టు. అన్నా నేనూ కలిసి నడిపాం. పొద్దున పది దాకా తెరుచుకోవచ్చన్నారు గానీ, ఆ రోజుల్లో బిందెలు కొనేదెవరు? నాలుగు రోజులు షట్టర్ ఎత్తి, ఐదో రోజు నుంచి మానేశాను. ఇంట్లో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆకలి వేస్తే తినేవాణ్ణి, నిద్ర వస్తే పడుకునేవాణ్ణి. మా ఆవిడ "జర ఏమన్న మాట్లాడుండ్రి" అనేది. నాకు మాటలు తోచేవి కావు.

అంతకుముందు ఆదివారాలు మా ఇంట్లో ముగ్గురం కూర్చుని కర్ణాటక సంగీతం వినేవాళ్లం. మా నాన్న కొని దాచిన క్యాసెట్లు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. హన్మకొండ నుంచి రిటైరైన టీచరమ్మ ఒకరు వచ్చేవారు. ఖిలా వరంగల్ నుంచి కండక్టర్ సాబ్ వచ్చేవారు. సాబ్ ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టినాయన. ఏటూరునాగారంలో నైట్ హాల్టు పడితే, అక్కడి గదిలో ఉన్న పాత రేడియోలో ఒక్క స్టేషనే పలికేదట. అందులో కచేరీలు వచ్చేవట. "ఇంకోటి దొర్కక విన్న సేటూ. తర్వాత అది లేకుంటె నిద్ర పట్టకపాయె" అనేవారు. రాగాల పేర్లు ఆయన నోట నిలిచేవి కావు. మోహనను 'ఫస్ట్ బస్సు' అనేవారు, తోడిని 'అడవి రోడ్డు' అనేవారు. కొన్నాళ్లకు టీచరమ్మ కూడా అలాగే అనడం మొదలుపెట్టారు.

లాక్‌డౌన్‌తో ఆ ఆదివారాలు ఆగిపోయాయి. ఫోన్ ఆలోచన టీచరమ్మది. "నువ్వు క్యాసెట్ పెట్టి ఫోన్ పక్కకు పెట్టు నాయినా, మేం వింటం" అన్నారు. సాబ్‌ది బటన్ల ఫోను కాబట్టి మామూలు కాన్ఫరెన్స్ కాల్ మాత్రమే. రోజూ సాయంత్రం ఐదింటికి ఇద్దరికీ కలిపి చేసేవాణ్ణి. ఫోన్‌లో మృదంగం రేకు డబ్బా కొట్టినట్టు, వయొలిన్ దోమ పాడినట్టు వినిపించేదట. అయినా వాళ్లకు కావాలి. "ఇయ్యాల ఏం పెట్టినవ్ సేటూ? జర సౌండ్ పెంచు" అనేవారు సాబ్. నేను మాత్రం వినేవాణ్ణి కాదు. క్యాసెట్ చక్రాలు తిరుగుతుంటే చూస్తూ ఉండేవాణ్ణి. ఒక పక్క అయిపోతే తిప్పి పెట్టేవాణ్ణి.

రెండో వారంలో సాబ్ మాట్లాడటం మానేశారు. ఫోన్ ఎత్తడం ఎత్తేవారు, అంతే. అటువైపు కుక్కర్ విజిల్ వినిపించేది, ఎవరో తలుపు వేసిన చప్పుడు వినిపించేది. లైన్ ఉందనుకునేవాళ్లం. "వింటాండ్రా సాబ్?" అని టీచరమ్మ అడిగితే జవాబు లేదు. గొంతు బాగాలేదేమో అన్నారామె. అయి ఉంటుంది అన్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

ఐదారు రోజులు అలాగే గడిచాయి. ఒక సాయంత్రం టేపు చిక్కుకుపోయి పాట ఆగింది. నేను క్యాసెట్ బయటికి తీస్తున్నాను. ఫోన్‌లోంచి ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది.

"ఆగిపోయింది అంకుల్."

"ఎవరు బిడ్డా?"

"కండక్టర్ సాబ్ బిడ్డను. మా అబ్బా దవాఖానల ఉన్నడు అంకుల్. ఆరు రోజులాయె. ఫోన్ ఇంట్లనే మర్చిపోయిండు."

"మరి రోజూ ఫోన్ ఎత్తింది?"

"నేనే. మీ ఫోన్ రాంగనే ఎత్తి అబ్బా కుర్చీల పెడుతున్న. ఎత్తకుంటె మీరు ఫికర్ చేస్తరని. చెప్పనీకి నోరు రాలె."

టీచరమ్మ అందుకున్నారు. "ఎట్లున్నడు బిడ్డా?"

"ఆక్సిజన్ పెట్టిండ్రు. లోపటికి పోనిస్తలేరు."

అప్పుడు నేను ఏదో ధైర్యం చెప్పాలి. నా నోట వచ్చింది ఒక్కటే మాట: "టేపు సరిచేసి మళ్ల పెట్టాల్నా?"

"పెట్టుండ్రి అంకుల్."

సరిచేసి పెట్టాను.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, అబ్బా లేడు."

"సరే బిడ్డా" అన్నాను. ఎవరో బిందె బేరమాడితే అన్నట్టు, సరే అన్నాను. మా ఆవిడకు చెప్తే వంటింటి గడప మీద కూలబడి ఏడ్చింది. ఆదివారం ఆదివారం సాబ్‌కు చక్కెర తక్కువ వేసి చాయ్ కలిపి ఇచ్చేది తనే. నేను టిఫిన్ ప్లేటు కడిగి బోర్లించాను.

ఆ సాయంత్రం ఎవరికీ ఫోన్ చేయలేదు. మర్నాడు ఐదింటికి టీచరమ్మే చేశారు. "ఆ పిల్లకు కలుపుదమా, వద్దా?" అని అడిగారు. కలిపాను. మొదటి రింగుకే ఎత్తింది.

"నిన్న చెయ్యలేదేంది అంకుల్?"

నేను క్యాసెట్ కోసం పెట్టె తీశాను.

"ఒక్కసారె బంద్ చెయ్యకుండ్రి. మా పెద్దోళ్లు ఇప్పుడు పాటలేంది అంటరు. నేను మిద్దె మీదికి పోయి వింట."

అలా ఇంకా రెండు వారాలు సాగింది. ఆ అమ్మాయికి సంగీతం బొత్తిగా తెలియదు. పాట మధ్యలో అడిగేది. "ఇప్పుడు పాడేది ఆడామెనా, మొగాయననా?" "అన్న మాటనే మళ్ల మళ్ల ఎందుకంటాండు?" టీచరమ్మ ఓపిగ్గా చెప్పేవారు. ఫోన్ దగ్గర తొడ మీద తాళం వేసి వినిపించేవారు. ఒకరోజు "మా అబ్బా ఇట్ల కూసున్నప్పుడు ఏమనేటోడు అంకుల్?" అని నన్నే అడిగింది. సౌండ్ పెంచమనేవారని చెప్పాను. చిన్నగా నవ్వింది. ఆ నవ్వు తర్వాత చాలాసేపు ముక్కు ఎగబీల్చడం వినిపించింది. నేను చక్రాలు చూస్తూ ఉన్నాను.

లాక్‌డౌన్ ఎత్తేసిన రోజు ఆ అమ్మాయే చెప్పింది. "రేపటి సంది బట్టల షాపుల డ్యూటీకి రమ్మన్నరు అంకుల్. ఐదింటికి ఇంట్ల ఉండ. ఇగ చాలు."

"మంచిది బిడ్డా."

నేనూ కొట్టు తెరిచాను. ఎవరైనా వచ్చి "పెద్ద సేటు లేడా?" అంటే లేడని చెప్పి గిన్నెలు చూపించేవాణ్ణి. చాలామంది అంతటితో అర్థం చేసుకునేవారు.

తర్వాత ఒక ఆదివారం టీచరమ్మ మాస్కు పెట్టుకుని ఆటోలో వచ్చారు. గోడవార దూరంగా కూర్చున్నారు. క్యాసెట్ ఒక పక్క అయిపోయాక నా వైపు చూసి అడిగారు.

"మీ అన్నకు ఏడ్చినవా నాయినా?"

"లేదమ్మా. రాలె."

"రాకుంటె రాకపాయె. రెండో పక్క పెట్టు."

పెట్టాను. ఆమె కళ్లు మూసుకుని విన్నారు. నేను ఆటో ఎన్నింటికి పిలవాలా అనుకుంటూ కూర్చున్నాను.