రాజుని కనని తల్లి

దిల్బాత్ ఊళ్లో ఖర్జూరపు కల్లు పులియబెట్టి అమ్ముకునే నుప్త నోటికి జడవని మగాడు లేడు. కొడుకు లబాషికి ఏడేళ్లప్పుడు మొగుడు పోతే, ఆ నోటితోనే వాణ్ణి పెంచుకొచ్చింది. మొగుణ్ణి ఆ ఊళ్లో అందరిలాగే ఇంట్లోనే, నేల కింద పాతిపెట్టుకుంది. ప్రతి నెలాఖరునా పేరు పెట్టి పిలిచి, నేలలోకి దించిన మట్టి గొట్టంలో నీళ్లు పోసేది. అయినవాళ్లు పిలిచి పొయ్యకపోతే చచ్చినవాళ్ల దాహం తీరదు మరి.

పెద్దయ్యాక ఆ లబాషికి రాజు కావాలన్న పిచ్చి పట్టింది. దేశాన్ని ఏలుతున్న పారశీకుల పన్నులతో విసిగిపోయిన జనానికి, తాను వాళ్లు రాకముందు ఏలి చనిపోయిన పాత రాజు కొడుకునని చెప్పుకున్నాడు. జనం నమ్మేశారు. గద్దె ఎక్కడానికి వెళ్లే రోజు తల్లి చేతులు పట్టుకున్నాడు.

"అమ్మా, ఎవరడిగినా నన్ను నువ్వు కనలేదని చెప్పవే."

"చెప్తాలేరా. తొమ్మిది నెలలు మోసిన ఈ కడుపుకి మాత్రం నువ్వే చెప్పి పో."

పొరుగింటి రిషాతు ఊరుకుంటుందా? "వాణ్ణి రాణీగారు కన్నారటగా! మరి నువ్వెవరివే, మంత్రసానివా?"

నుప్త నవ్వేసి, లోపలికి పోయి ఏడ్చింది.

వంద రోజులైనా కాలేదు, లబాషి రాజ్యం కూలిపోయింది. పారశీకులు వాణ్ణి కట్టేసి, కొరత వేయడానికి దిల్బాత్ కోట ద్వారం దగ్గరికే తెచ్చారు. నుప్తను పిలిపించారు.

"వీడు రాజు బిడ్డ కాదు, నీ కొడుకేనని అందరి ముందూ చెప్పు, అవ్వా," అన్నాడు సేనాని. "శవాన్ని నీకిస్తాం. లేదంటే కాకులకే."

ఆమెకు కావలసింది అదొక్కటే. బతికించుకోవడం ఎలాగూ తన చేతిలో లేదు, కనీసం తండ్రి పక్కన పడుకోబెట్టుకోవాలి. చెప్పేద్దామనే వచ్చింది. అప్పుడు లబాషి తలెత్తి చూశాడు. చిన్నప్పుడు అబద్ధమాడి దొరికిపోయి, నాన్నకు చెప్పొద్దని బతిమాలే చూపే అది.

"నా కొడుకు కాదయ్యా," అంది నుప్త. "రాజుల పోలిక కనబడ్డం లేదూ?"

శవాన్ని ఆమెకు ఇవ్వలేదు.

నెలాఖరున చెంబుతో గొట్టం దగ్గర కూర్చుంది. కొడుకు పేరు నోటిదాకా వచ్చింది. పిలిస్తే తల్లినని ఒప్పుకున్నట్టే. గుండె పగిలేలా ఏడ్చింది. చివరికి మొగుణ్ణి పిలిచి, ఒక చెంబు పోసేచోట రెండు పోసింది.

"ఏమయ్యా, అక్కడ రాజుగారబ్బాయి ఎవరో దాహంతో తిరుగుతుంటాడు. పిలిచి కాసిని నీళ్లు పొయ్యి. నీ కొడుకని మాత్రం అనకు. అలుగుతాడు."